పోల్‌రాజ్ గట్టు

కాలువకు కొత్తనీళ్ళు వచ్చే రోజున గట్టుకు ఒక వాసన ఉండేది. ఎండాకాలమంతా నెర్రెలు విచ్చిన అడుగుమట్టి మీదికి ఎర్రటి కృష్ణ నీళ్ళు నురగతో పాకుతూ వస్తుంటే ముందు దుమ్ము వాసన లేచేది. దాని వెనకే మగ్గిన నాచు వాసన, ఆ పైన పేరు పెట్టలేని ఏదో పచ్చివాసన. బెజవాడ బ్యారేజీ దగ్గర నీళ్ళు వదిలారని రేడియోలో చెప్పిన రోజుకీ, అవి మా ముదినేపల్లి దాకా వచ్చే రోజుకీ మధ్య ఊరంతా కాలువ వంకే చూస్తూ ఉండేది. పెద్దవాళ్ళు నారుమళ్ళ లెక్కలు వేసుకునేవాళ్ళు. మేం పిల్లలం సైకిళ్ళేసుకుని గట్టు మీద నీళ్ళకు ఎదురెళ్ళేవాళ్ళం. గుడివాడ వైపు తొక్కుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ఆ నీటిమొన ఎదురయ్యేది. అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి, దాని నడకకు మా నడక కుదించుకుని, దానితోపాటే ఊరికొచ్చేవాళ్ళం. అంత నెమ్మదిగా సైకిలు తొక్కడం చాలా కష్టం. కింద పడకుండా ఎవరు తొక్కితే వాళ్ళు గెలిచినట్టు.

మా ఊరి నుంచి కైకలూరుకు రెండు దార్లు. ఒకటి తారురోడ్డు. గుడివాడ నుంచి వచ్చి మా ఊరు, మండవల్లి మీదుగా కైకలూరు, ఆకివీడు పోతుంది. ఇప్పుడు దాన్ని 165వ నంబరు జాతీయ రహదారి అంటున్నారు. రెండోది పోల్‌రాజ్ కాలువ గట్టు. మా అమ్మకు లారీ అంటే భయం. వడ్లబస్తాల లారీ పక్కనుంచి పోతే ఆ గాలికే పిల్లాడు పడిపోతాడని ఆమె నమ్మకం. సైకిలు బయటికి తీసిన ప్రతిసారీ వంటింట్లోంచి ఒకటే మాట వినిపించేది. "రోడ్డెక్కబాకు నాన్నా, గట్టెమ్మట పో."

అలా నాకు గట్టే బడి దారి, తర్వాత కాలేజీ దారి, చుట్టాలింటి దారి. సైకిలు నేర్చుకున్నదీ దాని మీదే. మా మేనమామ వాడి వదిలేసిన అట్లాస్ సైకిలు నా ఛాతీ ఎత్తుండేది. సీటు మీద కూర్చుంటే కాళ్ళందవు గనక ఫ్రేములోంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కేవాణ్ణి. మామయ్య వెనక కారియరు పట్టుకుని పరుగెత్తేవాడు. ఎప్పుడు వదిలేశాడో చెప్పేవాడు కాదు. ఒకవైపు కాలువ, ఒకవైపు వరిచేను. ఎటు పడ్డా దెబ్బ తగలదని ఆయన ధీమా. ఆయన ముఖం నాకిప్పుడు సరిగా గుర్తులేదు. వెనకనుంచి వినిపించిన ఆయాసం, "చూపు దూరంగా పెట్టరా, చక్రం వంక చూడకు" అన్న మాట మాత్రం ఉండిపోయాయి.

డెల్టాలో ఎత్తుపల్లాలుండవు. కాలువ మీది వంతెనలే మాకు కొండలు. గట్టు మీద గడ్డి పెరిగినా, మనుషుల కాళ్ళూ సైకిలు చక్రాలూ ఒరుసుకుని మధ్యలో జానెడు బాట నున్నగా మెరుస్తుండేది. ఆ జానెడు తప్పితే మిగతాదంతా పల్లేరు కాయలు. ఎదురుగా ఎవరన్నా వస్తే ఇద్దరిలో ఒకరు దిగాలి. పెద్దవాళ్ళకు చిన్నవాళ్ళు, తలమీద మోపు ఉన్నవాళ్ళకు అందరూ దిగేవాళ్ళు. దిగాక ఊరికే పోలేం గదా, పలకరించాలి. మీ నాన్న బాగున్నాడా, ఊడ్పులయ్యాయా, మీ ఆవు ఈనిందా. గట్టు మీద ప్రయాణానికి పట్టే సమయంలో సగం ఇదే. ఆ రోజుల్లో నాకది విసుగ్గా ఉండేది. తొందరగా పోవాలన్న యావ తప్ప చుట్టూ ఏముందో చూసే వయసు కాదు. గట్టు నాకు దగ్గరదారి, అంతే.

దాని పుట్టుక గురించి చెప్పింది తాతయ్య. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టడం 1852లో మొదలై 1855లో పూర్తయింది. దాని కిందనే ఈ కాలువలన్నీ వచ్చాయి. ఇవి చేలకు నీళ్ళివ్వడానికి మాత్రమే తవ్వినవి కావు, పడవలు నడవడానికి కూడా. ఏలూరు కాలువైతే కృష్ణ నీటినీ గోదావరి నీటినీ ఏలూరు దగ్గర కలిపింది. ఆ నీటిదారిలో బియ్యం, బెల్లం, కలప, మనుషులు, పెళ్ళివారు అందరూ పోయేవాళ్ళట. గాలివాటం లేనప్పుడు పడవవాళ్ళు గట్టు మీదకు దిగి, భుజాలకు తాడు తగిలించుకుని, ముందుకు వంగి లాగేవాళ్ళు. తాడుకు అడ్డం వస్తాయని నీటి వైపు చెట్లు పెరగనిచ్చేవాళ్ళు కాదని తాతయ్య చెప్పేవాడు. చిన్నప్పుడు ఆయన అట్లా లాగేవాళ్ళ వెనకే నడుచుకుంటూ పోయి తప్పిపోయాడట. ఎవరు తెచ్చి ఇంట్లో అప్పజెప్పారో కూడా చెప్పాడు. నేనే మర్చిపోయాను. నాకు ఊహ తెలిసేసరికి పడవలు లేవు. రోడ్డూ రైలూ వాటి పని తీసేసుకున్నాయి. వాటికోసం వేసిన దారి మాత్రం మిగిలింది, మా సైకిళ్ళకు.

గట్టుకు యజమాని ఎవరంటే మా లెక్కలో కాలువ కాపలా చూసే లస్కరే. ఖాకీ చొక్కా, పంచె, భుజాన పార, చంకలో గొడుగు. ఆయన కూడా సైకిలు మీదే తిరిగేవాడు. కానీ తొక్కేదాని కన్నా నడిపించేదే ఎక్కువ. కళ్ళు ఎప్పుడూ గట్టు వాలు మీదే ఉండేవి. పీత బొక్క, ఎలుక బొరియ, తడిసిన మచ్చ, ఏది కనిపించినా ఆగేవాడు. "ఇయ్యాళ పీత బొక్క, రేపు గండి" అనేవాడు. మమ్మల్ని ఆపి, "ఎక్కడన్నా అవతల వైపు నీళ్ళు ఊరతన్నాయేమో చూశారా అబ్బాయ్?" అని అడిగేవాడు. చూడకపోయినా చూశాం అంటే ఎక్కడో చెప్పమనేవాడు. దాంతో మేం నిజంగానే చూడ్డం మొదలుపెట్టాం. ఒకసారి పాత తూము దగ్గర చెమ్మ కనిపెట్టి చెప్పినందుకు ఆయన నా సైకిలు గొలుసుకు నూనె వేశాడు. ఆయన దగ్గర చిన్న సీసాలో ఆముదం ఎప్పుడూ ఉండేది. ఆ ఆముదం వాసన వారం రోజులు పోలేదు.

వానాకాలం మాత్రం గట్టు మమ్మల్ని ఏడిపించేది. మాది నల్లరేగడి. నాలుగు చినుకులు పడితే మట్టి చక్రానికి పట్టుకుని, మడ్‌గార్డు కింద దూరి, ఇక చక్రం తిరగదు. పుల్లతో గీకి, నాలుగడుగులు తోసి, మళ్ళీ గీకి, చివరికి సైకిలును భుజానికెత్తుకోవడమే. తడిసిన మట్టితో కలిపి అది రెట్టింపు బరువు. అలా సైకిలు మోసుకుంటూ గట్టు మీద వరసగా నడిచే కాలేజీ కుర్రాళ్ళను చూసి ఊడ్పుల్లో ఉన్న ఆడవాళ్ళు నడుం ఎత్తి నవ్వేవాళ్ళు. ఒకామె, "ఇన్నాళ్ళూ అది మిమ్మల్ని మోసింది గదయ్యా, ఇయ్యాళ మీరు మొయ్యండి" అంది. మిగతావాళ్ళు పాట మధ్యలో ఆపి మరీ నవ్వారు.

కొల్లేటికోట ప్రయాణం గురించి చెప్పాలి. మా బావది కైకలూరు. మా మేనత్త కొడుకు, నాకన్నా రెండేళ్ళు పెద్ద. ఫాల్గుణంలో అక్కడి పెద్దింట్లమ్మ జాతరకు సైకిళ్ళ మీద పోదామన్నది వాడే. ముందురోజు సాయంత్రమే మా ఊరొచ్చి, తెల్లవారుజామున లేపాడు. డైనమో లైటు వెలుగు గట్టు మీద వణుకుతూ ముందు పోతుంటే, టైరుకు డైనమో రాసుకునే గురగుర తప్ప ఇంకో చప్పుడు లేదు. దాళ్వా చేలల్లోంచి చల్లగాలి. కాలువలో ఎక్కడో చేప ఎగిరిన చప్పుడు. ఎంతసేపు తొక్కినా ఒక్క మోటారు బండి ఎదురుకాలేదు. బావ ముందు తొక్కుతూ ఏదో పాట ఎత్తుకున్నాడు. ఏ పాటో ఇద్దరికీ గుర్తులేదు. అక్కినేని నాగేశ్వరరావుదే అంటాడు వాడు. మా వైపు వాళ్ళం ఏ పాత పాట గుర్తురాకపోయినా నాగేశ్వరరావుదే అంటాం, ఆయన ఊరు రామాపురం మాకు దగ్గర గనక.

కైకలూరు దాటాక దారి మారిపోయింది. చేలు పల్చబడి, తూడు, కిక్కస మొదలయ్యాయి. గాలిలో ఎండుచేపల వాసన. సర్కారు కాలువ దాటడానికి పడవ ఎక్కాలి. మనుషులు, మేకలు, కోళ్ళ గంపలు, మా సైకిళ్ళు అన్నీ ఒకే పడవలో. ఒక ముసలమ్మ తన మొక్కుబడి కోడిని నా కారియరు మీద పెట్టి, కూలబడి, సైకిలు కడ్డీలు తడుముతూ "దీనికి మేతక్కర్లేదు, నీళ్ళక్కర్లేదు, మా ఎడ్ల కన్నా నయం" అంది. ఆ కోడి దారంతా నావైపే చూసింది.

అమ్మవారిని ఎంతసేపు చూశామో జ్ఞాపకం లేదు. కొల్లేరు సరస్సు గుర్తుంది. చలికాలం అయిపోతున్నా పరజ పిట్టలు ఇంకా పోలేదు. నీళ్ళ మీద నల్లగా పరుచుకుని ఉన్నాయి. చేపలు పట్టే వడ్డీలు తాటిదోనెల్లో నిలబడి మావులు ఎత్తుతున్నారు. గూడబాతులు ఒకదాని వెనక ఒకటి, రెక్క కదపకుండా, నీటికి జానెడెత్తులో తేలుతూ పోయాయి. బావ ఆగి, కాలు నేలకు ఆనించి, నోరు తెరుచుకుని చూశాడు. ఆ రాత్రి ఇంటికొచ్చామో, అక్కడే ఎవరి అరుగు మీదైనా పడుకున్నామో ఎంత తన్నుకున్నా గుర్తుకురావడం లేదు. బావ ఒకటి చెబుతాడు, నేనొకటి చెబుతాను.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ఊడ్చేసింది. మాకు తగిలింది దాని అంచు. అయినా రాత్రంతా పెంకులు ఎగిరిపోతున్న చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. తెల్లారి చూస్తే రోడ్డు మీద చెట్ల మీద చెట్లు. అవి నరికి లాగేదాకా బస్సులు లేవు. గట్టు మీదా తాడిచెట్లు పడ్డాయి, తుమ్మలు పడ్డాయి. కానీ సైకిలును ఎత్తి అవతల పెట్టుకోవచ్చు. కాలేజీ కుర్రాళ్ళం ఊరూరా పాతబట్టలు, బియ్యం పోగుచేసి మూటలు కారియర్లకు కట్టుకుని గట్టెమ్మటే గుడివాడకు చేరేశాం. అక్కణ్ణుంచి దివిసీమకు ఎలా వెళ్ళాయో మాకు తెలీదు. ఒక ఇల్లాలు తన పెళ్ళిచీర ఇచ్చింది. వద్దన్నా వినలేదు. దాని రంగు నాకు గుర్తుంది, అరటిపువ్వు రంగు.

చేపల చెరువులు ఆ రోజుల్లోనే మొదలయ్యాయి. 1976 ప్రాంతంలో ప్రభుత్వం కొల్లేటి లంకల్లో మత్స్యకారుల సంఘాలు పెట్టించి చెరువులు తవ్వించింది. తర్వాత డబ్బున్నవాళ్ళు దిగారు. ఆ తర్వాత వరి గిట్టని మాబోటివాళ్ళం కూడా. మండవల్లి, ముదినేపల్లి చేలు ఒక్కొక్కటే చెరువులయ్యాయి. 1999లో కొల్లేటిని ఐదో కాంటూరు అనే ఎత్తుగీత దాకా అభయారణ్యమన్నారు. 2002లో చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో అభయారణ్యంలోని చెరువుల గట్లను యంత్రాలు పెట్టి పగలగొట్టారు. బావ చెరువు కాంటూరుకు బయట ఉంది గనక మిగిలింది. దాని మీదే వాడు ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు. అందుకే చెరువుల్ని తిట్టడానికి నాకు నోరు రాదు. కానీ వాటితోపాటు గట్టు మీదికి బండ్లొచ్చాయి. తవుడు బస్తాల ట్రాక్టర్లు, ఐసు బండ్లు, కలకత్తాకూ అస్సాముకూ చేపలు మోసే లారీల దాకా సరుకు చేర్చే ఆటోలు. పొక్లెయిను గొలుసు పళ్ళు గట్టు మీద పడ్డ వానాకాలంలో ఆ జానెడు నున్నటి బాట కనిపించకుండా పోయింది. నేనప్పటికి ఉద్యోగానికి వెళ్ళిపోయాను. స్కూటరు కొన్నాను. గట్టు పోయిన సంగతి నాకు ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు.

మా అన్నయ్య కొడుకు స్పెయిన్‌లో సెవిల్ నగరంలో ఉద్యోగం చేస్తాడు. ఒక ఆదివారం ఫోను చేసి, "బాబాయ్, రైలు దారి మీద సైకిలు తొక్కుతున్నాను" అన్నాడు. కంగారు పడ్డాను. రైలు లేదు, దారే ఉందట. ఓల్వెరా అనే ఊరి నుంచి పుయెర్తో సెర్రానో దాకా 36 కిలోమీటర్లు. 1920లలో రైలు కోసం కొండలు తొలిచి 30 సొరంగాలు, లోయల మీద వంతెనలు కట్టారు. డబ్బులు చాలక, తర్వాత అంతర్యుద్ధం వచ్చి, ఆ దారిలో ఒక్క రైలూ నడవలేదు. దశాబ్దాలు పాడుబడి ఉన్నాక దాన్ని సైకిళ్ళకూ నడిచేవాళ్ళకూ ఇచ్చేశారు. 1993 నుంచి ఆ దేశంలో వాడకంలో లేని రైలు దారులను ఇలా మారుస్తూ వస్తున్నారు. ఇప్పటికి 3000 కిలోమీటర్లు దాటాయి. పాత స్టేషన్లు బసలయ్యాయి. మొదట్లోనూ చివర్లోనూ కారు దూరకుండా స్తంభాలు పాతుతారు. వాడు ఫోను ఎత్తి చూపించాడు. ఆలివ్ తోటలు, ఒంటరి కొండ, కొండ చుట్టూ రాబందులు. జఫ్రమగోన్ అనే ఆ కొండ రాబందుల గూళ్ళకు పేరుపడ్డదట. పక్కనుంచి ఒక ముసలాయన మనవరాలితో సైకిలు మీద పోతూ వీడికి చెయ్యి ఊపాడు. ఏ శబ్దమూ లేదు, టైరు కింద కంకర నలిగే చప్పుడు తప్ప. ఆ చప్పుడు వినగానే నా గొంతు పూడుకుపోయింది. మాకు అంతకన్నా సుళువైన దారి ఉండేది. సొరంగాలు తొలవక్కర్లేదు, ఎక్కడా ఎత్తు ఎక్కక్కర్లేదు, పక్కనే నీళ్ళు, నెత్తిన పక్షులు. మేం దాన్ని దారిగా కూడా లెక్కపెట్టలేదు.

హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి వేసి 2023 అక్టోబరు 1న తెరిచారు. పైన సోలారు పలకల కప్పు. మా అబ్బాయి దగ్గరున్నప్పుడు దాని మీద తొక్కి చూశాను. ఆ ఎండల్లో నీడనివ్వడం నిజంగా గొప్ప సంగతి. మంచి పని చేశారు. కానీ పక్కన వందల బండ్ల హోరు. ఎవరన్నా పలకరించినా వినపడదు. ఇలాంటివి ఊళ్ళలోనే రావాలి. ఊళ్ళలో ఉన్నవాటిని ముందు పోనివ్వకూడదు.

రిటైరయ్యాక ముదినేపల్లి వచ్చేశాను. నేను వచ్చేసరికి మా మండలం కృష్ణా జిల్లాలో లేదు, 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లాలో ఉంది. పాత బళ్ళ కొట్లో ఒక సైకిలు కొని గట్టెక్కాను. చాలా మేర కంకర, మట్టి దిబ్బలు, ప్లాస్టిక్ సంచులు. తవుడు పులిసిన వాసన. ఒక ఐసు బండి వెనక నుంచి హారను కొడితే దిగి వాలు మీదికి జరిగాను. మా అమ్మ గుర్తొచ్చింది. కానీ పాత తూము దాటాక కొంత దూరం చెరువులు లేవు. రెండు పక్కలా ఇంకా వరే. అక్కడ ఎవరి బండికీ పని లేదు. గడ్డి మధ్యలో జానెడు బాట అలాగే ఉంది. ఎదురుగా ఒకామె గడ్డిమోపుతో వచ్చింది. దిగాను. "ఎవరి తాలూకండీ?" అని అడిగింది. చెప్పాను. మా నాన్న పేరు ఆమెకు తెలుసు.

2024 సెప్టెంబరులో బెజవాడను ముంచిన బుడమేరు వాగు నీళ్ళు ఆ తర్వాత కొల్లేటికే వచ్చాయి. బావ రాత్రిళ్ళు చెరువు దగ్గరే కాపలా పడుకున్నాడు, కట్ట మీద వలలు కట్టుకుని. నేనూ తోడు వెళ్ళాను. చుట్టుపక్కల పశువులన్నీ ఎత్తున్న గట్లెక్కాయి. ఆ తీరిక లేని రాత్రుల్లోనే వాడికి స్పెయిన్ స్తంభాల సంగతి చెప్పాను.

"స్తంభాలేస్తే నా మేత బండి ఎట్టా వచ్చుద్ది రా?" అన్నాడు.

"నీ చెరువు దాకా రానీ. పాత తూము దగ్గర వేద్దాం."

"తూముకు ఇవతల ఎవరెవరి చెరువులున్నాయో ఎరుగుదువా?" అని వేళ్ళు మడిచి చెప్పాడు. సగం మా చుట్టాలే. ఒకటి మా పిన్ని కొడుకుది. వాళ్ళకు అడ్డం రాకుండా ఎక్కడ పాతాలో చీకట్లో టార్చి వేసి గట్టు మీద చూపించాడు. సైకిలు, నడిచేవాళ్ళు, దూడ పట్టేంత సందు ఉండాలన్నాడు. గేదె పట్టాలన్నాను. ట్రాక్టరు మాత్రం పట్టకూడదు. మరి కాలువ పూడిక తీసే యంత్రం రావాల్సొస్తే? అప్పుడు ఒక రాయి తీసేలా ఉండాలి, తాళం సెక్షన్ ఆఫీసులో ఉండాలి. ఇదంతా వాడు ఆలోచించిందే. నాకు తట్టలేదు.

"రాళ్ళు నేను తోలిస్తాలే" అన్నాడు చివరికి. "కాగితం నువ్వు రాయి."

నీటిపారుదల సెక్షన్ ఆఫీసుకు అర్జీ రాశాను. పాత తూము నుంచి వరిచేలు ఉన్నంతవరకు పోల్‌రాజ్ గట్టును సైకిళ్ళకూ నడిచేవాళ్ళకూ ఉంచమని, రెండు కొసలా రాళ్ళు మా ఖర్చుతో పాతుకోనివ్వమని. మొదటి సంతకం బావది. రెండోది మా పిన్ని కొడుకుది. మూడోది ఆ గడ్డిమోపు ఆమె వేలిముద్ర.